‘అక్కడెందుకు మానేశావమ్మా?’ అని అడిగితే...

ఆ రోజు మేడమీద మినప వడియాలు పెడుతున్నాను. వడియాలు పెట్టేరోజు ఇంటికి ఎవరూ రాకూడదనుకుంటాం కదా, సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. పిట్టగోడ మీంచి తొంగిచూస్తే మా ఆడపడుచు కూతురు! చేతిలో పెద్ద సూట్‌కేసు. వారం మధ్యలో, పండగా పబ్బమూ లేకుండా...

“ఏమే, చెప్పాపెట్టకుండా వచ్చావ్?” అన్నాను.

“సెలవు పెట్టానత్తయ్యా” అంది. చేతులు కడుక్కొచ్చి నా పక్కనే కూర్చుని తనూ వడియాలు పెట్టడం మొదలెట్టింది. మాట్లాడలేదు. మామూలుగా అయితే వాగుడుకాయ.

మూడో రోజున ఆ సూట్‌కేసులోంచి బట్టలు తీస్తుంటే అడుగున తెల్లబూట్లు, రెండు జతల యూనిఫాం, హాస్టల్లో వాడుకునే గిన్నె, గ్లాసు కనిపించాయి. నాలుగు రోజుల సెలవుకొచ్చిన పిల్ల గిన్నే గ్లాసూ సర్దుకొస్తుందా? అడిగాను. మంచం మీద కూలబడి, “తీసేశారత్తయ్యా” అంది.

ఉద్యోగం పోవడం ఎవరికైనా కష్టమే. కానీ నర్సుకి పోవడం వేరు. బట్టల కొట్టులో మానేసిన అమ్మాయిని పక్క కొట్టువాడు రెండు ప్రశ్నలడిగి పెట్టుకుంటాడు. నర్సుని అలా పెట్టుకోరు. ‘ఎందుకు తీశారు? పేషెంటుకి ఏమైనా అయిందా?’ అన్నదే మొదటి ప్రశ్న. అడగడం న్యాయం కూడా! రేపు ఆ మంచం మీద పడుకునేది మన అత్తగారో, మన బిడ్డో కావచ్చు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేక మా పిల్ల రెండు ఇంటర్వ్యూలు పోగొట్టుకుంది. మూడోదానికి ఎలా నిలబడిందో రాయమని ఆ అమ్మాయే అంది. పేరు మాత్రం వద్దంది.

ఒక్క సిరంజి

తను జి.ఎన్.ఎం. చదివింది. నాలుగేళ్ళుగా ఓ ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. మెడికల్ వార్డులో నైట్ డ్యూటీ. ఇరవై పైచిలుకు పేషెంట్లు, ఇద్దరు నర్సులు. ఒక పెద్దాయనకి రాత్రి తొమ్మిదింటికి 16 యూనిట్ల ఇన్సులిన్ ఇవ్వాలి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇది మన ఇళ్ళకీ పనికొచ్చేదే. మనకి దొరికే ఇన్సులిన్ సీసాల్లో రెండు బలాలున్నాయి. మిల్లీలీటరుకి 40 యూనిట్లది ఒకటి, 100 యూనిట్లది ఒకటి. 40 దానికి ఎర్రమూత సిరంజి వాడాలి. 100 దానికి నారింజరంగు మూత సిరంజి. ఆ రాత్రి ఇచ్చింది 100 బలం ఉన్న మందు. ట్రేలో ఉన్నవన్నీ ఎర్రమూతలే. ఆ సిరంజిలో 16 గీత దాకా తీస్తే 0.4 మిల్లీలీటరు వస్తుంది. 40 బలం మందైతే అది 16 యూనిట్లే. 100 బలం మందైతే? 40 యూనిట్లు! రెండున్నర రెట్లు వెళ్ళిపోయిందన్నమాట.

తెల్లవారుజామున నాలుగింటికి రౌండుకి వెళితే పెద్దాయన చెమటతో తడిసి వణికిపోతున్నాడు. షుగరు చూస్తే 48. వెంటనే డ్యూటీ డాక్టరుని లేపింది, నరానికి గ్లూకోజు ఎక్కించారు. ఆ రకం ఇన్సులిన్ ఒంట్లో చాలాసేపు పనిచేస్తుంది కాబట్టి మర్నాడంతా ఐ.సి.యు.లో ఉంచి చూశారు. ఆయన బాగై ఇంటికి వెళ్ళాడు. తప్పు ఎక్కడ జరిగిందో ట్రే చూసి కనిపెట్టింది తనే. కాగితం మీద రాసిచ్చిందీ తనే. పేషెంటు తాలూకు వాళ్ళు గొడవ చేశారు. వారం తిరక్కుండా చేతికి లెటరిచ్చారు.

న్యాయమా, అన్యాయమా అంటే నేను తీర్పు చెప్పలేను. ఆ పెద్దాయన కూతుర్ని నేనైతే నేనూ గొడవ చేసేదాన్నే. ఎర్రమూతలు మాత్రమే ఉన్న ట్రేని ఎవరు సర్దారని అడిగేదాన్ని కాదు.

అబద్ధం మొదలయ్యేది ఇంట్లోనే

తీసేశారన్న సంగతి విని మా ఆడపడుచు ఫోన్లో అన్న మొదటిమాట, “వదినా, ఎవరితోనూ అనకు” అని. అప్పుడు సంబంధాలు చూస్తున్నారు మరి. తమ్ముడి చదువుకి నెలనెలా ఎనిమిది వేలు పంపేది ఈ పిల్లే. వాళ్ళ నాన్నగారైతే రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదట. పక్కింటావిడ అడిగితే నేనేం చెప్పానో తెలుసా? “ఒంట్లో బాగాలేదు, సెలవు పెట్టింది” అని! నోటికి ఎంత సులువుగా వచ్చిందో.

ఆ పిల్ల వింటూనే ఉంది. మర్నాడు బయోడేటా రాసుకుంటూ ‘మెరుగైన అవకాశం కోసం మానేశాను’ అని రాసుకుంది. మేం నేర్పిందే రాసింది.

మొదటి ఇంటర్వ్యూ పెద్ద ఆస్పత్రిలో. లోపల అంతా బాగానే జరిగిందట. చివర్లో ఆఫీసులో అమ్మాయి పి.ఎఫ్. నంబరు అడిగింది. యు.ఎ.ఎన్. అని పన్నెండంకెల నంబరొకటి ఉంటుంది. ఎన్ని ఉద్యోగాలు మారినా ఆ నంబరు మారదు. ఎక్కడ ఎప్పుడు చేరాం, ఎప్పుడు వదిలాం అన్నీ అందులో కనిపిస్తాయి. “ఫలానా తారీఖుతో అయిపోయిందే... నోటీసు పీరియడు చెయ్యలేదా?” అని అడిగిందట. ఎదురుగానే పాత ఆస్పత్రికి ఫోన్ కలిపింది. మా పిల్ల అక్కడే కూర్చుని నేలచూపులు చూస్తూ ఉండాల్సొచ్చింది. “మేమే కబురు చేస్తాం” అన్నారు. చెయ్యలేదు.

ఈ రోజుల్లో గుర్తింపు ఉన్న ఆస్పత్రులన్నీ నర్సు చదువు, రిజిస్ట్రేషన్, వెనకటి అనుభవం సరిచూసుకునే పెట్టుకుంటాయి. దాచితే దాగే విషయం కాదు.

రెండోచోట దానికి విరుగుడుగా అంతా చెప్పేసింది. ఎంత చెప్పిందంటే ఇరవై నిమిషాలు ఏడుస్తూ చెప్పింది. వార్డు ఇన్‌ఛార్జి మంచిది కాదంది, ఆస్పత్రిలో సిరంజిలే ఉండవంది, ఆ పెద్దాయన కొడుకు ఎలా అరిచాడో చెప్పింది. మేట్రన్ ఓపిగ్గా విని, మంచినీళ్ళిచ్చి పంపించింది. ఆవిడ తప్పూ లేదు. ‘రేపు మనల్నీ ఇంకోచోట ఇలాగే చెబుతుంది’ అనుకునుంటుంది.

ఇంటికొచ్చి, “ఇంక నర్సుగా చెయ్యనత్తయ్యా. చీరల షాపులో సేల్స్‌గర్ల్‌గా పోతాను” అంది. మర్నాడు మావయ్యకి బి12 ఇంజెక్షన్ చెయ్యమంటే వద్దంది. సిరంజి పట్టుకుంటే చెయ్యి వణుకుతోందట. నాకు అప్పుడు భయం వేసింది. ఉద్యోగం సంగతి కాదు, పిల్ల సంగతి.

వరండాలో రిహార్సల్

మా వీధి చివర ఒక సిస్టరుగారున్నారు. ప్రభుత్వాసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. ఎందరినో ఇంటర్వ్యూ చేసిన మనిషి. సిగ్గు విడిచి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ చెప్పు తొడుక్కుని నాతోపాటే బయల్దేరారు.

వచ్చి కూర్చోగానే అడిగిన మొదటి ప్రశ్న, “నీ రిజిస్ట్రేషన్ కేన్సిలైందా?” అని.

“లేదు మేడమ్.”

“మరి నువ్వు నర్సువే. ఆస్పత్రి తీసేసింది ఉద్యోగంలోంచి. రిజిస్టరులోంచి పేరు తియ్యాలంటే కౌన్సిల్ విచారణ చేసి తియ్యాలి. ఏ యజమానీ తియ్యలేడు.”

అంతదాకా మాకెవరికీ ఈ తేడా తెలీదు! ఆంధ్రప్రదేశ్‌కి ఒక నర్సింగ్ కౌన్సిల్, తెలంగాణకి ఒకటి ఉన్నాయి. రిజిస్ట్రేషన్ ఇచ్చేది, రెన్యూవల్ చేసేది అవే. ఆ ఒక్కమాటకి పిల్ల మొహంలో కాస్త కళ వచ్చింది.

తరువాత ఆవిడ తన సంగతీ చెప్పారు. చేరిన కొత్తలో ఒకే ఇంటిపేరున్న ఇద్దరు పేషెంట్లకి మాత్రలు తారుమారు చేశారట. “నాకు మెమో ఇచ్చారు, రాత్రంతా ఏడ్చాను, మర్నాడు డ్యూటీకెళ్ళాను. మాది గవర్నమెంటు కాబట్టి మెమో. మీది ప్రైవేటు కాబట్టి గేటు. తేడా అంతే” అన్నారు నవ్వుతూ.

ఆ తర్వాత పదిరోజులు సాయంత్రాలు మా వరండాలో ఇంటర్వ్యూలే. ఆవిడ కుర్చీలో, పిల్ల ఎదురుగా, నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ప్రేక్షకురాలిని. ‘అక్కడెందుకు మానేశావమ్మా?’ అని రోజుకి పదిసార్లైనా అడిగేవారు. మొదటిరోజు జవాబు పది నిమిషాలు పట్టింది. ఆవిడ వాచీ చూపించి, “ఒక్క నిమిషంలో చెప్పు” అన్నారు. రోజురోజుకీ కత్తిరించగా కత్తిరించగా ఆఖరికి మిగిలింది ఇది:

“నాలుగేళ్ళు మెడికల్ వార్డులో చేశాను మేడమ్. ఒక రాత్రి 100 బలం ఇన్సులిన్‌ని 40 సిరంజితో ఇచ్చాను. మోతాదు ఎక్కువై పేషెంటుకి షుగరు పడిపోయింది. నేనే గమనించి డాక్టరుగారిని పిలిచాను, తప్పు నాదేనని రాసిచ్చాను. పేషెంటు కోలుకుని ఇంటికెళ్ళారు. దానిమీద నన్ను తీసేశారు. ఇప్పుడు సీసా మీద అంకె, సిరంజి మీద అంకె పైకి చదివి, ఇంకో సిస్టరుకి చూపించాకే ఇస్తాను.”

“ఇక్కడ ఆగు” అనేవారు సిస్టరుగారు. “ఆగడం నేర్చుకో. అవతలివాళ్ళు ఊరుకుంటే మనకి తోచదు. ఆ ఖాళీ నింపడానికి ఏదేదో మాట్లాడేస్తాం.”

నాకు ఒక అనుమానం వచ్చి అడిగాను. “ఇద్దరే నర్సులు, ట్రేలో సరైన సిరంజి లేదు... అవి చెప్పుకోవద్దా?” అని. “అడిగితే చెప్పాలి. ‘ఆ రాత్రి ఎంతమంది పేషెంట్లు?’ అంటే అంకె చెప్పాలి. అంకె చెబితే నిజం, ఆస్పత్రిని తిడితే సాకు” అన్నారు. పేషెంటు పేరుగానీ గదినంబరుగానీ పొరపాటున కూడా నోట రాకూడదన్నారు. అది వినగానే ఉద్యోగం ఇవ్వబోయేవాళ్ళు కూడా మానేస్తారట.

ఇంకో మాట కూడా చెప్పారు. తీసేయడం అన్నీ ఒకలాంటివి కావు. మంచాలు తగ్గించి నర్సుల్ని తగ్గించినవాళ్ళున్నారు. పిల్లాడికి జ్వరమని సెలవులు పెట్టినందుకు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. లెటర్లో ఏముందో అదే చెప్పాలి. ‘రాజీనామా’ అని ఉంటే రాజీనామా, ‘తొలగింపు’ అని ఉంటే తొలగింపు. ప్రసవం సెలవులో ఉండగా తీసేస్తే మాత్రం అది చట్టవిరుద్ధం, ఊరుకోనక్కర్లేదు. పోలీసు కేసు నడుస్తున్నవాళ్ళు లాయరుని అడక్కుండా ఎక్కడా నోరు విప్పకూడదు.

కాగితాల సంచీ

ఖాళీగా ఉన్న నెలల్లో ఏం చేశావని తప్పకుండా అడుగుతారు. అందుకని బి.ఎల్.ఎస్. శిక్షణకి పంపారు. గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి ప్రాణం నిలిపే శిక్షణ అది. సర్టిఫికెట్ రెండేళ్ళు చెల్లుతుంది. డబ్బు దండగ అనుకున్నాను కానీ, మా పిల్ల బొమ్మ మీద నొక్కి నొక్కి వచ్చిన సాయంత్రం చెయ్యి వణకడం తగ్గింది. మావయ్యకి ఇంజెక్షన్ తనే చేసింది. ఆయన అమ్మా అని అరిచినా సరే!

పాత వార్డు ఇన్‌ఛార్జికి ఫోన్ చెయ్యమన్నారు, మన తరఫున ఒక మాట చెప్పేవాళ్ళు ఉండాలని. రెండో ఇంటర్వ్యూలో తిట్టిపోసింది ఈవిడనే. మూడు రోజులు వెనకాడి చేసింది. “నువ్వు రాసివ్వకపోతే ఆ తప్పు ఎవరికీ తెలిసేది కాదమ్మా. ఎవరడిగినా ఆ మాట చెబుతాను” అందట ఆవిడ. ఫోన్ పెట్టేసి చాలాసేపు వంటింట్లో నిలబడింది పిల్ల.

రిజిస్ట్రేషన్, రెన్యూవల్, మార్కుల లిస్టులు, అనుభవం సర్టిఫికెట్, జీతం స్లిప్పులు అన్నిటికీ రెండేసి జిరాక్సులు తీయించాం. ఒరిజినల్స్ చూపించి తెచ్చుకోవాలేగానీ అక్కడ వదిలిరాకూడదు. బాండు రాయమన్నా చదవకుండా సంతకం వద్దు. 2011-12లో ముంబయి, ఢిల్లీ, కేరళ నర్సులు సమ్మెలకి దిగిన కారణాల్లో ఈ బాండ్ల గొడవ కూడా ఉంది. పాత ఆస్పత్రి నుంచి రావలసిన జీతం వదులుకోకండి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, తీసేసినా మానేసినా రెండు పనిదినాల్లో బాకీ ఇచ్చెయ్యాలి.

జీతం దగ్గర జాగ్రత్త అన్నారు సిస్టరుగారు. తీసేసిన పిల్ల అనగానే బేరమాడేవాళ్ళుంటారు. సుప్రీంకోర్టు ఆదేశంతో వేసిన కమిటీ 2016లో ప్రైవేటు నర్సుకి ఎంత చిన్న ఆస్పత్రైనా నెలకి 20,000కి తగ్గకూడదని, 200 మంచాలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని చెప్పింది. సిఫార్సే, అమలు అంతంతమాత్రం. అయినా ఆ అంకె తెలిసి కూర్చోవడం వేరు, తెలీకుండా తలూపడం వేరు.

మూడోసారి

అరవై మంచాల ఆస్పత్రి. ఇంటికి బస్సులో నలభై నిమిషాలు. నేనూ వెళ్ళి బయట బెంచీ మీద కూర్చున్నాను. ఇస్త్రీ చేసిన కాటన్ చీర, గోళ్ళు కత్తిరించిన చేతులు. గాజులు తీసేసి వాచీ ఒక్కటే పెట్టుకుంది. నర్సు ఇంటర్వ్యూలో ముందు చూసేది చేతులేనట!

లోపల జరిగింది తర్వాత చెప్పింది. అప్లికేషన్ ఫారంలో ‘మానడానికి కారణం’ అన్నచోట ‘మందు మోతాదు పొరపాటు వల్ల తొలగించారు, వివరాలు స్వయంగా చెబుతాను’ అని రాసింది. మేట్రన్ అది చదివి కళ్ళజోడు తీసి, “చెప్పు” అందట. ఒక్క నిమిషంలో చెప్పింది. ఆగింది. మేట్రన్ కూడా ఊరుకుంది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదట. “నోరు కొరుక్కుని కూర్చున్నానత్తయ్యా!” అంది.

తరువాత మేట్రన్ అడిగినవన్నీ పని ప్రశ్నలే. మందు ఇచ్చేముందు చూడాల్సిన ఐదు సంగతులేమిటి? సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారి, సరైన వేళ. మిల్లీలీటరుకి 20 చుక్కల సెట్టుతో 500 మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటల్లో వెళ్ళాలంటే నిమిషానికి ఎన్ని చుక్కలు? కాగితం మీద వేసి 42 అంది. డాక్టరు ఫోన్లో చెప్పిన మందు వినపడకపోతే ఏం చేస్తావ్? “మళ్ళీ అడుగుతాను. కోప్పడినా అడుగుతాను” అంది.

పెళ్ళెప్పుడు అని కూడా అడిగారు. ఆడపిల్లని ఇంటర్వ్యూ చేస్తూ ఈ ప్రశ్న అడక్కుండా ఉండరెందుకో! “కుదిరాక నెలముందు చెబుతాను మేడమ్” అందట. ఇది రిహార్సల్లో లేదు, తన సొంతం.

ఆరునెలలు ప్రొబేషను. మొదటి నెలలో ఇన్సులిన్, పొటాషియంలాంటి మందులు ఒంటరిగా ఇవ్వకూడదని షరతు పెట్టారు. జీతం పాతదానికంటే పదిహేను వందలు తక్కువ. ఒప్పుకుంది. పదిహేను వందల సంగతి నాకు నచ్చలేదు కానీ షరతు మాత్రం నచ్చింది. ఆ అమ్మాయికీ నచ్చింది.

మొదటి జీతానికి మా ఇంటికొచ్చింది. నాకు చీర, సిస్టరుగారికి స్వీటు ప్యాకెట్టు. మాటల్లో చెప్పింది, వాళ్ళ వార్డులో ఎర్రమూతలకి ఒక డబ్బా, నారింజమూతలకి ఇంకో డబ్బా పెట్టి, డబ్బాల మీద తనే పెద్ద అక్షరాలతో 40, 100 అని రాసి అంటించిందట. మేట్రన్ చూసి ఏమీ అనలేదు, పక్క వార్డులో కూడా అంటించమందట.

నేనూ మా ఫ్రిజ్ తెరిచి మా అత్తగారి ఇన్సులిన్ సీసా మీద అంకె చూశాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. 40 అని ఉంది. సిరంజి మూత ఎర్రదే. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఓసారి చూసుకోండి. పెన్నులో వేసే ఇన్సులిన్ మాత్రం మామూలు సిరంజిలోకి తీయొద్దని పిల్ల మరీ మరీ చెప్పింది.

మా ఆడపడుచు మాత్రం ఇప్పటికీ బంధువులతో “ఇల్లు దగ్గరని మారింది” అనే చెబుతోంది. మొన్న పెళ్ళిలో నా ముందే అంది. పిల్ల నావైపు చూసి నవ్వింది. సంబంధం వాళ్ళకి మాత్రం తనే చెబుతుందట, ఒక్క నిమిషంలో.